ఇల్లు చక్రాలెక్కితే: బీర్‌గావ్ నుంచి సాలూరు ఘాట్ దాకా మోటార్‌హోమ్ ప్రయాణంలోని విజ్ఞానం

తెలుగువారికి 'క్యారవాన్' అన్న మాట సినిమా షూటింగుల పుణ్యమా అని పరిచయమైంది. నటీనటులు మేకప్ వేసుకోవడానికి, రెండు సన్నివేశాల మధ్య నడుం వాల్చడానికి వాడే ఏసీ బస్సు అది. ఆ బండి ఇప్పుడు మామూలు కుటుంబాల చేతికీ వస్తోంది. పాత టెంపో ట్రావెలర్‌నో మినీ బస్సునో కొని, లోపల రెండు మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు బిగించుకుని ఊళ్లు తిరిగేవాళ్లు కనిపిస్తున్నారు. కేంద్ర పర్యాటక శాఖ 2009లోనే క్యారవాన్ పర్యాటకానికి ఒక విధానాన్ని ప్రకటించింది. కేరళ 2021లో తన సొంత పథకాన్ని మొదలుపెట్టింది. విధానాలు వచ్చినంత వేగంగా బండి గురించిన అవగాహన మాత్రం రాలేదు. ఇల్లు కదలడం మొదలుపెడితే ఇంటికి వర్తించని భౌతికశాస్త్ర సూత్రాలు కొన్ని దానికి వర్తిస్తాయి. వాటిని ఒక అసలైన దారి మీద పెట్టి చూస్తే అర్థం చేసుకోవడం తేలిక.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌ను ఆనుకుని ఉత్తరాన ఉన్న పారిశ్రామిక పట్టణం బీర్‌గావ్. పక్కనే ఉర్లా, కాస్త ముందుకు వెళితే సిల్‌తరా పారిశ్రామికవాడలు. స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు, వాటి ముందు బారులు తీరిన ట్రైలర్ లారీలు అక్కడి నిత్య దృశ్యం. ఉత్తరాంధ్ర నుంచి పనుల కోసం వచ్చి రాయ్‌పూర్ ప్రాంతంలో స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వారి సొంతూరి దారి పాత 43 నంబరు జాతీయ రహదారి. ధమ్‌తరి, కాంకేర్, కేశ్‌కాల్, కొండగావ్, జగ్దల్‌పూర్, జయపురం, కోరాపుట్, సుంకి మీదుగా సాలూరులో దిగి విజయనగరం చేరే దారి ఇది. ఇప్పుడు దాని ముక్కలకు వేర్వేరు నంబర్లు వచ్చాయి కానీ పాత డ్రైవర్ల నోట అది ఇంకా 'ఫార్టీ త్రీ'యే. రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి సుమారు 464 కి.మీ. ఆరు వరసల కొత్త రహదారిని తలపెట్టారు. దాని సంగతి ఎలా ఉన్నా, మోటార్‌హోమ్‌కు నిజమైన పరీక్ష పాత దారే పెడుతుంది. వెళ్లేటప్పుడు కేశ్‌కాల్ ఘాట్ ఎక్కాలి, సాలూరు ఘాట్ దిగాలి. తిరుగు ప్రయాణంలో అది తలకిందులవుతుంది.

మొదటి మజిలీ కాటా దగ్గర

బీర్‌గావ్‌లో మోటార్‌హోమ్ యజమానికి ఒక అదృష్టం ఉంది. ఇనుము వ్యాపారం జరిగే చోటు కాబట్టి అడుగడుగునా లారీలు తూచే కాటాలుంటాయి. స్థానికులు వాటిని ధరమ్‌కాంటా అంటారు. ప్రయాణానికి ముందు బండిని పూర్తిగా నింపి, ఎక్కేవాళ్లందరినీ ఎక్కించి అక్కడ ఒకసారి తూయించడం కంటే చవకైన భద్రతా పరీక్ష మరొకటి లేదు.

ఎందుకో ఒక లెక్క చూద్దాం. ఆర్‌సీ పుస్తకంలో రాసిన మొత్తం బరువు పరిమితి 3,500 కిలోలు అనుకుందాం. మంచాలు, అలమరలు, బ్యాటరీలు బిగించాక ఖాళీ బండి 2,900 కిలోలు తూగింది. మిగిలింది 600. ఐదుగురు మనుషులు 325 కిలోలు, 120 లీటర్ల నీళ్లు 120 కిలోలు, గ్యాసు, పొయ్యి 20, పరుపులు, బట్టలు, సామాను 90. మొత్తం 555. ఇంకా 45 కిలోల వెసులుబాటు ఉంది. విజయనగరం నుంచి తిరిగొచ్చేటప్పుడు రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు, ఒక బుట్ట మామిడిపళ్లు, రెండు పనసకాయలు ఎక్కాయంటే ఆ వెసులుబాటు పోయింది, పరిమితీ దాటింది. ఎక్కడా ఏదీ విరగదు, ఏ దీపమూ వెలగదు. టైర్లు, బ్రేకులు, స్ప్రింగు కమ్మీలు మాత్రం తమకు అప్పజెప్పని పని చేస్తుంటాయి.

మొత్తం బరువు తెలిస్తే సరిపోదు. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అన్నది విడిగా తెలియాలి. ముందు చక్రాలను మాత్రమే కాటా మీదికి ఎక్కించి ఒకసారి, మొత్తం బండిని ఎక్కించి ఇంకోసారి తూచి, రెంటికీ తేడా తీస్తే చాలు. వెనక నిచ్చెన పక్కన మోటార్‌సైకిల్ స్టాండు బిగించుకునే వాళ్లు ఈ లెక్క తప్పక చేయాలి. రెండు ఇరుసుల మధ్య దూరం 3.7 మీటర్లు, మోటార్‌సైకిల్ వెనక ఇరుసుకు 1.8 మీటర్లు అవతల వేలాడుతోంది అనుకుంటే, 100 కిలోల ఆ బండి వెనక ఇరుసు మీద మోపే భారం 100 కాదు, దాదాపు 149 కిలోలు. అదనపు 49 కిలోలు ఎక్కడివి? ముందు ఇరుసు నుంచి ఎత్తి తెచ్చినవి. పిల్లలాడే తూగుడుబల్ల సూత్రమే ఇది. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు పట్టు తగ్గుతుంది, తడి రోడ్డు మీద బండి తిప్పిన వైపు తిరగదు.

నీళ్ల ట్యాంకు సంగతి మరో రకం. నిండు ట్యాంకు ఒక రాయిలా కూర్చుంటుంది. ఖాళీ ట్యాంకుతో బాధ లేదు. సగం నిండినదే మలుపుల్లో అటూ ఇటూ పొర్లి బండిని తోస్తుంది. ట్యాంకు లోపల అడ్డుగోడలున్నది ఎంచుకోవాలి, దాన్ని వీలైనంత కిందగా, రెండు ఇరుసుల మధ్య బిగించాలి. ఘాట్ ముందు ట్యాంకును నింపడమో, చాలావరకు ఖాళీ చేయడమో మేలు. నీళ్లు జగ్దల్‌పూర్‌లోనూ దొరుకుతాయి, బీర్‌గావ్ నుంచి మోసుకుపోనక్కరలేదు.

కాడి బరువు తెలిసిన రైతుకు ట్రైలర్ గురించి చెప్పనక్కరలేదు

కొందరు నివాసపు గదిని విడి ట్రైలర్‌గా చేయించి కారుకో జీపుకో తగిలించుకుంటారు. మన దేశంలో ఇది తక్కువే. ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, లాగే వాహనం తయారీదారు ఎంత బరువు లాగవచ్చో పుస్తకంలో చెప్పి ఉండాలి. చాలా కార్ల పుస్తకాలు ఈ విషయంలో మౌనంగా ఉంటాయి, లేదా వద్దంటాయి. కారు టూల్‌కిట్‌లో వచ్చే గుండ్రటి హుక్కు ఆగిపోయిన కారును లాగించుకోవడానికి ఇచ్చింది. దానికి ట్రైలర్ తగిలించకూడదు.

ఎడ్లబండి తోలిన తరం ఒకటి ఇంకా ఉంది. బండిలో వడ్ల బస్తాలు మరీ వెనక్కి పేరిస్తే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు బిగుస్తుంది. మరీ ముందుకు పేరిస్తే మెడలు కుంగుతాయి. కొంచెం ముందు బరువుతో, కాడి ఎద్దు మెడ మీద నిలకడగా కూర్చునేలా పేర్చడం వారికి అలవాటు. ట్రైలర్‌కూ అదే సూత్రం. దాని ముక్కు కారు హిచ్ మీద మోపే బరువును కొలవాలి. యూరప్‌లో ట్రైలర్ మొత్తం బరువులో ఇది 5 నుంచి 7 శాతం, అమెరికాలో 10 నుంచి 15 శాతం ఉండాలని సాధారణంగా సలహా ఇస్తారు. అక్కడి వాహనాలు, వేగాలు వేరు కాబట్టి ఆ తేడా. లాగే వాహనం హిచ్‌కు నిర్ణయించిన పరిమితిని మాత్రం ఏ సందర్భంలోనూ దాటకూడదు.

ముక్కు బరువు తక్కువైతే జరిగేది ఊగిసలాట. పక్క నుంచి లారీ దూసుకుపోయినప్పుడు వచ్చిన గాలి తోపుకు ట్రైలర్ హిచ్ చుట్టూ లోలకంలా అటూ ఇటూ కదులుతుంది. తక్కువ వేగంలో టైర్ల ఘర్షణ ఆ ఊపును రెండు మూడు డోలనాల్లో చంపేస్తుంది. వేగం పెరిగే కొద్దీ ఆ చంపే శక్తి తగ్గిపోతుంది. ఒక హద్దు వేగం దాటాక ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. అక్కడి నుంచి బోల్తా పడటానికి కొద్ది సెకన్లు చాలు. ఆ హద్దు వేగం ఎంతన్నది సామాను ఎలా పేర్చారన్న దాన్ని బట్టి మారుతుంది. బరువులన్నీ ఇరుసు దగ్గర ఉంటే మంచిది. ముందు చివర ఒక బరువు, వెనక చివర ఒక బరువు పెట్టి 'సమతూకం' సాధించామనుకోవడం ప్రమాదకరం. తూకంలో సరిపోయినా, తిరుగుడులో దాని జడత్వం పెరుగుతుంది. ఒకసారి ఊగడం మొదలయ్యాక ఆపడం కష్టమవుతుంది.

ఊపు మొదలైతే ఏం చేయాలి? ఠక్కున బ్రేకు తొక్కకూడదు. స్టీరింగును ఊపుకు ఎదురు తిప్పాలని చూడకూడదు, మనిషి స్పందన ఎప్పుడూ ఒక అర క్షణం ఆలస్యంగా వచ్చి ఊపుకే బలమిస్తుంది. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, స్టీరింగును నిటారుగా పట్టుకుని, వేగం దానంతట అది పడిపోనివ్వాలి. 'వేగం పెంచి లాగితే సర్దుకుంటుంది' అనే సలహా కొందరి నోట వినిపిస్తుంది. దాన్ని మరచిపోవడం మంచిది.

ఎక్కేటప్పుడు ఇంజన్, దిగేటప్పుడు బ్రేకు

రాయ్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది. జగ్దల్‌పూర్ సుమారు 550 మీటర్లు. ఈ తేడాలో పెద్ద భాగం కేశ్‌కాల్ ఘాట్‌లో ఒక్కసారిగా వస్తుంది. మెలికల మీద మెలికలు, ముందు బరువు లారీలు. ఇక్కడ ఇబ్బంది వేడి. మెల్లగా వెళ్లే లారీ వెనక తక్కువ గేరులో పోతున్న ఇంజన్‌కు పని ఎక్కువ, రేడియేటర్‌కు తగిలే గాలి తక్కువ. మే నెలలో బయటి గాలే 44 డిగ్రీలు దాటి ఉంటే అది చల్లబరిచేది కూడా తక్కువే. ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంటే ముందుగా ఏసీ ఆపాలి. ఇంకా పెరిగితే వెడల్పున్న చోట బండిని పక్కకు తీసి, ఇంజన్‌ను కాసేపు మామూలు వేగంలో తిరగనివ్వాలి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకూడదు. అదొక ప్రెషర్ కుక్కర్. ఒత్తిడిలో ఉన్నందువల్లే ఆ నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి, అదంతా ఒక్కసారి ఆవిరై ముఖాన కొడుతుంది.

సాలూరు ఘాట్ కథ ఇంతకంటే తీవ్రమైనది. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సాలూరు అంతకంటే 700 మీటర్లకు పైగా దిగువన, మైదానంలో ఉంది. 3,500 కిలోల మోటార్‌హోమ్ 700 మీటర్లు కిందికి దిగితే అది వదిలించుకోవలసిన శక్తి సుమారు 24 మెగాజౌళ్లు. 30 డిగ్రీల దగ్గరున్న 80 లీటర్ల నీటిని మరిగించడానికి సరిపోయే వేడి అది. ఆ శక్తి ఎక్కడో ఒకచోటికి పోవాలి. గాలి, టైర్లు కొంత పంచుకుంటాయి. మిగిలింది ఇంజన్ అన్నా తీసుకోవాలి, బ్రేకులన్నా తీసుకోవాలి.

అంతా బ్రేకులకే వదిలేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. బ్రేకు డిస్కులు, డ్రమ్ముల ఇనుము మొత్తం 60 కిలోలు అనుకుందాం. ఏ మాత్రం చల్లారకుండా 24 మెగాజౌళ్లు వాటిలోకే చేరితే వాటి వేడి 850 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. ఇనుము ఎర్రగా కాలే వేడి అది. నిజంగా అంత పెరగదు, దారి పొడవునా గాలి చల్లబరుస్తూనే ఉంటుంది. కానీ అందులో సగం పెరిగినా చాలు, బ్రేకు ప్యాడ్ల పట్టు జారిపోతుంది. డ్రైవరు తొక్కుతూనే ఉంటాడు, బండి ఆగదు, కాలుతున్న వాసన వస్తుంది.

దీనికి తోడు బ్రేకు ద్రవం ఒకటుంది. పెడల్ మీద కాలు పెట్టిన ఒత్తిడిని చక్రాల దాకా మోసుకెళ్లేది ఈ ద్రవమే. ద్రవాన్ని నొక్కి కుదించలేము కాబట్టే ఆ పని చేయగలదు. డాట్ 4 రకం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అది గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది. 3.7 శాతం నీరు చేరేసరికి ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోవచ్చు. డాట్ 3 అయితే 140కి. చక్రం దగ్గర ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడ్డాయంటే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది, ఎందుకంటే ఆవిరి కుదించుకుపోతుంది. మోటార్‌హోమ్‌లు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటి ముందు నిలబడే ఉంటాయి. కిలోమీటర్లు తిరగలేదు కదా అని యజమాని ద్రవం మార్చడు. తేమకు కిలోమీటర్లతో పని లేదు. రెండేళ్లకోసారి మార్చడం, ముఖ్యంగా ఒక వర్షాకాలం దాటి ఘాట్‌కు వెళ్లే ముందు మార్చడం, ఈ వ్యాసంలోని సలహాలన్నింటిలోకి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చేది.

దిగే పద్ధతి లారీ డ్రైవర్లు చెప్పేదే: ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. ఘాట్ మొదలవకముందే గేరు తగ్గించాలి. ఇంజన్ తన లోపలి నిరోధంతో బండిని పట్టి ఉంచుతుంది. డీజిల్ ఇంజన్‌లో ఈ పట్టు పెట్రోలు ఇంజన్ కంటే తక్కువ, అందుకే పెద్ద లారీలకు ఎగ్జాస్ట్ బ్రేకు పెడతారు. అది ఉన్న బండి అయితే వాడుకోవాలి. బ్రేకును ఎడతెగకుండా సన్నగా నొక్కిపట్టడం కంటే, వేగం పెరిగినప్పుడు గట్టిగా ఒకసారి నొక్కి, తగ్గాక పూర్తిగా వదిలేయడం మంచిది. వదిలినప్పుడే చల్లారే అవకాశం.

డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు మన రోడ్ల మీద చాలా పాతది. ఇది ప్రమాదమే కాక, లెక్క ప్రకారం తప్పు కూడా. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఇంజన్లు గేరులో ఉండి, యాక్సిలరేటరు వదిలేసినప్పుడు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. ఇంజన్‌ను చక్రాలే తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి కొంత డీజిల్ కాల్చక తప్పదు. అంటే న్యూట్రల్‌లో దిగేవాడు ఎక్కువ డీజిల్ కాల్చి, బ్రేకులనూ కాల్చుకుంటున్నాడు.

ట్రైలర్ ఉంటే మరో జాగ్రత్త. చిన్న ట్రైలర్లకు ఉండే ఒక రకం బ్రేకు, ట్రైలర్ ముందుకు తోసుకొచ్చినప్పుడు ఆ తోపుతోనే పడుతుంది. దిగుడంతా అది తోస్తూనే ఉంటుంది కాబట్టి బ్రేకు పడుతూనే ఉంటుంది. మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆగి చల్లార్చుకోవడం తప్ప మార్గం లేదు. నీళ్లు చల్లి చల్లార్చకూడదు. కాలిన పోత ఇనుము పగులుతుంది.

టైరు వయసు, టైరు వేడి

లారీ టైరు అరిగి చస్తుంది, మోటార్‌హోమ్ టైరు ముసలిదై చస్తుంది. ఎండ, ఓజోన్ రబ్బరును పెళుసుగా చేస్తాయి. పైన గాళ్లు బాగానే కనిపిస్తాయి, పక్క గోడల మీద వెంట్రుక వాసి పగుళ్లు పడతాయి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు చూడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఆరేడేళ్లు దాటిన టైరుతో మే నెలలో దూర ప్రయాణం వద్దు.

గాలి ఎప్పుడూ చల్లని టైరులో, ఉదయాన్నే చూడాలి. 27 డిగ్రీల దగ్గర 65 పీఎస్‌ఐ పెట్టిన టైరు, రోడ్డు మీద వేడెక్కి 67 డిగ్రీలకు చేరితే ఒత్తిడి దాదాపు 75 చూపిస్తుంది. వాయువుల ఒత్తిడి పరమ ఉష్ణోగ్రతకు అనులోమంగా పెరుగుతుంది కాబట్టి ఇది సహజం, టైరు దీన్ని లెక్కలోకి తీసుకునే తయారైంది. 'ఎండకు గాలి ఎక్కువైంది' అని దారిలో గాలి తీసేయడమే అసలు తప్పు. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టులో ఎక్కువగా నలుగుతుంది. నలిగే కొద్దీ వేడెక్కుతుంది, వేడికి లోపలి పొరలు విడిపోతాయి. పేలిన టైర్లలో చాలావాటి కథ గాలి తక్కువతోనే మొదలవుతుంది.

బీర్‌గావ్ నల్లపొడి, పైకప్పు మీది కరెంటు

స్పాంజ్ ఐరన్ కొలుముల దగ్గర నిలబెట్టిన బండి మీద వారం తిరిగేసరికి నల్లటి పొర పేరుకుంటుంది. అందులో మసితో పాటు సన్నని ఇనుప రేణువులుంటాయి. పొడి గుడ్డతో తుడిస్తే అవి ఉప్పుకాగితంలా పనిచేసి సోలార్ పలక అద్దాన్ని, రంగును గీస్తాయి. తడి తగిలి అలాగే ఉంటే తుప్పు మరకలవుతాయి. ముందు నీళ్లతో కడిగి, ఆ తర్వాత మెత్తని స్పాంజితో రుద్దాలి. ఇంజన్ ఎయిర్ ఫిల్టరు, ఏసీ కండెన్సరు కూడా ఇక్కడ పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే చూడాల్సి ఉంటుంది.

పైకప్పు మీద 400 వాట్ల సోలార్ పలకలుంటే రోజుకు ఒకటిన్నర యూనిట్ల దాకా ఆశించవచ్చు. వేసవిలో ఎండ ఎక్కువ కదా అని కరెంటూ ఎక్కువ వస్తుందనుకోకూడదు. పలక 25 డిగ్రీలు దాటి వేడెక్కిన ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం ఉత్పత్తి పోతుంది. మండుటెండలో పలక 65 డిగ్రీలకు చేరితే ఆ నష్టం 16 శాతం. పలకకు, పైకప్పుకు మధ్య గాలి ఆడే సందు వదిలితే కొంత దక్కుతుంది. ఇక 12 వోల్టుల బ్యాటరీ మీద 1,500 వాట్ల ఏసీ నడపాలంటే 125 ఆంపియర్లు, ఇన్వర్టర్ నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ పారుతుంది. ఇంటి వైరింగుకు వాడే తీగ అక్కడ నిప్పు రాజేస్తుంది. లావు తీగ, బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి.

ఆ లెక్క చూసి చాలామంది రాత్రి ఏసీ కోసం జనరేటర్ వైపు మళ్లుతారు. మోటార్‌హోమ్‌లో ప్రాణం పోయే అవకాశం ఘాట్ రోడ్డు మీద ఎంత ఉందో అక్కడా అంతే ఉంది.

వాసన లేని విషం

2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆగి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని దర్యాప్తులో తేలింది. కాలికట్ ఎన్‌ఐటీ నిపుణులు కూడా ఆ పరిశోధనలో పాల్గొన్నారు.

ఇంధనానికి సరిపడా ఆక్సిజన్ అందక అసంపూర్తిగా మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే గాలిలో అతి కొద్దిగా ఉన్నా అది రక్తంలో పేరుకుంటూ పోతుంది. మోటార్‌హోమ్ లోపలి గాలి 12 ఘనపు మీటర్లు అనుకుంటే, అంటే 12,000 లీటర్లు, అందులో వెయ్యో వంతు విషం చేరడానికి 12 లీటర్ల వాయువు చాలు. ఒక స్నానపు బకెట్టు కంటే తక్కువ. ఆ గాలిని కొద్ది గంటలు పీలిస్తే ప్రాణం పోతుంది. తలుపులు, కిటికీలు బిగించి ఏసీ వేసుకున్న చిన్న గదిలో, నేల కింద జనరేటర్ నడుస్తుంటే, వైరు కోసం చేసి పూడ్చని ఒక్క రంధ్రం ఆ పని చేయగలదు.

లక్షణాలు మోసగిస్తాయి. తలనొప్పి, వికారం, మగత. రోజంతా ప్రయాణం చేసిన మనిషికి ఇవి మామూలే అనిపిస్తాయి. పడుకుంటే తగ్గుతుందని పడుకుంటాడు. కొవిడ్ కాలం నుంచి చాలా ఇళ్లలో ఉన్న పల్స్ ఆక్సీమీటరును నమ్మకూడదు, అది ఆక్సిజన్ పట్టిన హిమోగ్లోబిన్‌కు, ఈ విషం పట్టిన దానికి తేడా చెప్పలేదు. మనిషి స్పృహ తప్పుతున్నా 98 చూపించవచ్చు. బండిలో ఉన్నవాళ్లలో ఒకరికి మించి ఒకేసారి తలనొప్పి అంటే, మరో ఆలోచన లేకుండా అందరినీ బయటికి తీసుకురావాలి, ఆ తర్వాతే జనరేటర్ ఆపడం. మామూలు గాలిలో రక్తంలోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆసుపత్రిలో శుద్ధ ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో తగ్గుతుంది. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లవలసింది అందుకే.

నిద్రపోయేటప్పుడు జనరేటర్ నడపకూడదు, బండి ఇంజన్‌ను ఏసీ కోసం నడుపుతూ పడుకోకూడదు. కుంపటి, బొగ్గుల పొయ్యి లోపలికి తేకూడదు. బస్తర్ చలికాలంలో ఆ కోరిక పుడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని పడక ఎత్తులో బిగించాలి. ఈ వాయువు సాంద్రత దాదాపు గాలితో సమానం కాబట్టి అది అంతటా కలిసిపోతుంది, తల ఉన్నచోట అలారం ఉండాలి. వంటగ్యాస్ అలా కాదు. అది గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, నీళ్లలా నేల మీద పరుచుకుంటుంది. దాని అలారం నేలకు జానెడు ఎత్తులో ఉండాలి, సిలిండరు అర అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. ఒక అలారం కొని రెండింటికీ సరిపోతుందనుకుంటే పొరపాటు.

దారిలో ఆగిపోతే

బండి చెడిపోయి ఇంకో బండితో లాగించాల్సి వస్తే, 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం రెండింటి మధ్య దూరం 5 మీటర్లు మించకూడదు, వేగం గంటకు 25 కి.మీ. దాటకూడదు. ఈ నిబంధన వెనక ఒక కారణముంది. ఇంజన్ ఆగిన బండిలో బ్రేకుకు సాయం చేసే బూస్టరు రెండు మూడు తొక్కుళ్ల తర్వాత పనిచేయదు, స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది. నాలుగు టన్నుల బండిని ఒట్టి కాలి బలంతో ఆపాలి. అలాంటి బండిని తాడుతో ఘాట్‌లో దించడం ఆత్మహత్యతో సమానం. తాడు లాగగలదు కానీ ఆపలేదు. అక్కడ ఇనుప టో బార్, లేదా క్రేన్ బండి పిలిపించాల్సిందే. ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్న బండిని నడిచే చక్రాలు నేల మీద ఉంచి లాగకూడదు. ఇంజన్ తిరగనిదే లోపలి ఆయిల్ పంపు తిరగదు, గేర్లు ఎండి కాలిపోతాయి.

పాత బండిని మోటార్‌హోమ్‌గా మార్చేవాళ్లు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ను చదువుకోవాలి. అనుమతి లేకుండా బండి నిర్మాణాన్ని మార్చడం కుదరదు. క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే విడి ప్రమాణం ఉంది. మార్పులు ఆర్‌సీలోకి ఎక్కకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థతో వాదన మొదలవుతుంది.

సాలూరు చేరాక ఘాట్ చివర ఒక పావుగంట ఆగడం పాత డ్రైవర్ల అలవాటు. చేతిని ఒక్కో చక్రం హబ్‌కు దగ్గరగా పెట్టి, తాకకుండా, వేడి చూస్తారు. నాలుగూ ఒకేలా వేడిగా ఉంటే సరే. ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగు పోతోంది. ఒకటి చల్లగా ఉందంటే ఆ చక్రానికి బ్రేకు అసలు పడటం లేదు. ఈ రెండో సంగతి ఘాట్‌కు ముందే తెలియాలి కాబట్టి, వాళ్లు ఇదే పరీక్షను సుంకి దగ్గర, దిగడం మొదలుపెట్టే ముందు కూడా ఒకసారి చేస్తారు.